అవ్వ అడిగిన సాలు

మా కోడలు సోలారు ప్లేట్లు తుడిచే పనికి పోతుంది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటుంది. అప్పటికే నేను ఆ గోడకే ఆనుకుని ఉంటాను. నాకు మోకాళ్ళు, ఆమెకు నడుము. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోము. మాట్లాడటానికి కూడా ఓపిక ఉండాలి కదా.

మొన్న ఒకరోజు ఊరికే అడిగాను.

"ఆడ అంతమంది ఆడోళ్ళు ఉంటారు గదమ్మా, పని చేస్తా ఏం మాట్లాడుకుంటారు?"

"ఏం మాట్లాడేది అత్తా? మూతికి గుడ్డ కట్టుకోనుంటాం. నేను ఈడుంటే పక్కామె యాడో ఉంటాది. ఎండ పైనుంచీ కొడ్తాది, ప్లేట్ల మింద నుంచీ కొడ్తాది. నోరు తెరిస్తే దప్పిక."

"పాటలు గీటలు ఏమీ పాడుకోరా?"

"ఫోన్లో పెట్టుకుంటారు, చెవుల్లో వైరు దూర్చుకోని. ఎవరి పాట వాళ్ళకే."

అంతే, ఆమె కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం మనసు ఎక్కడికో పోయింది. కర్ణాటకలో పావగడ సీమ, తిరుమణి దగ్గర మా ఊరు. నన్ను ఊళ్ళోనే మేనత్త కొడుక్కు ఇచ్చారు కాబట్టి పుట్టిల్లూ ఇదే, మెట్టినిల్లూ ఇదే. కోడలు తుడిచే ప్లేట్ల కింద ఒకప్పుడు మా నాన్న చెనక్కాయ చేను ఉండేది. ఇప్పుడు కంచె బయట నిలబడి చూస్తే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో నాకే తెలియదు. గట్టు లేదు. గట్టు మీది వేపచెట్టూ లేదు. కానీ ఆ చేనులో ఒకప్పుడు ఎంత గలాటా! పొద్దున్నే మొదలైతే పొద్దు వాలేదాకా నవ్వులే. ఆ గలాటాకు పెద్ద మా అవ్వ.

అవ్వ అంటే నాన్నను కన్నతల్లి. పొట్టి మనిషి. బుగ్గన ఎప్పుడూ ఆకూ వక్కా ఉండేవి. ఆమె ఒక మాట అంటే దాని వెనకాలే ఇంకో మాట వచ్చి అతుక్కునేది. దాన్ని మా వైపు పదం కట్టడం అంటారు. పొయ్యి ఊదుతూ కట్టేది, పేడ ఎత్తుతూ కట్టేది, నా తలలో పేలు చూస్తూ కట్టేది. దేవుడి మీద కట్టమని ఎవరైనా అడిగితే, "దేవునికి శానామంది ఉండారు, మనకెవరుండారు?" అనేది. ఆమె పదాలన్నీ ఇంట్లోవాళ్ళ మీద, వీధిలోవాళ్ళ మీద, అన్నిటికంటే ఎక్కువగా తన ముసలితనం మీద.

"పండ్లన్నీ ఊడె, పకోడి మింద ఆశూడలే.
కండ్లకు పొరలొచ్చె, కోడలి మింద కన్నూడలే."

ఆ కోడలు మా అమ్మ. అమ్మది శిరా వైపు ఊరు. పుట్టింట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు కానీ గడప దాటితే వీధంతా కన్నడం. అందుకని అమ్మ తెలుగులో కన్నడం ఎక్కడబడితే అక్కడ తొంగిచూసేది. అవ్వ దాన్నీ వదల్లేదు.

"కొడుకును కంటి కొండంత ఆశ.
కోడలు వచ్చె, మారెను భాష."

అమ్మ చేసే రాగి సంగటి నిజంగానే గట్టిది. వేడివేడి ముద్దకు గుంట చేసి, ఊరిబిండి పెట్టుకుని తింటుంటే నాకైతే అమృతమే. ఊరిబిండి అంటే వేయించిన చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు రోట్లో వేసి నూరిన పచ్చడి. ఆ వాసనకు వీధి చివర ఆడుకునేవాళ్ళం కూడా పరుగెత్తి వచ్చేవాళ్ళం. అవ్వ మాత్రం ముద్దను చేత్తో నొక్కి చూసి, మొహం అదోలా పెట్టి అందుకునేది.

"కోడలు కెలికిన సంగటి గట్టి.
గోడకు కొడితే రాలేది మట్టి."

అమ్మ తక్కువ తిన్నదేమీ కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వును దాచుకుంటూ జవాబు ఇచ్చేది.

"పండ్లు లేని అత్త నోట
పట్టుకుంటే విడవదు మాట."

"సూడప్పా నీ పెండ్లాము!" అని అవ్వ నాన్నతో చాడీ చెప్పేది. నాన్న తల ఎత్తకుండా తినేవాడు. ఎవరి పక్కన మాట్లాడినా ఇంకొకరు మూతి ముడుచుకుంటారని ఆయనకు బాగా తెలుసు.

అవ్వ తమ్ముడు ఒకాయన వై.ఎన్.హొసకోట నుంచి చుట్టపుచూపుగా వచ్చి, మంచం దిగకుండా ఉండిపోయేవాడు. ఒకసారి ఆయనకు మజ్జిగ ఇవ్వడానికి పోయి, అవ్వ వంటింట్లో గొణిగిన పదాన్ని ఆయన ముందు గొంతెత్తి పాడేశాను.

"వచ్చిన తమ్ముడు పోయేది లేదు.
పోయిన బస్సు వచ్చేది లేదు."

ఆయన మజ్జిగ తాగలేదు. సంచి సర్దుకుని ఆ సాయంత్రం బస్సుకే పోయాడు. నాన్న నన్ను కొట్టబోతే అవ్వ అడ్డం వచ్చింది. "బిడ్డ ఏం తప్పనింది? బస్సు వచ్చిందా లేదా?" అని ఆయన్నే గదమాయించింది.

చెనక్కాయ పీకే రోజుల్లో అవ్వను పట్టడం ఎవరి తరమూ కాదు. ఈరోజు మా చేనుకు వీధిలోని ఆడవాళ్ళంతా వస్తారు, రేపు వాళ్ళ చేనుకు మేము పోతాం. అట్లా బదులుకు వచ్చేవాళ్ళను ముయ్యాళ్ళు అనేవాళ్ళం. మంచు ఆరకముందే చేనులో దిగేవాళ్ళు. చెట్టును మొదలు పట్టి లాగితే కాయల గుత్తితో పాటు తడిమట్టి వాసన గుప్పుమని లేచేది. పాలు పట్టిన పచ్చికాయ నమిలి నమిలి నాకు కడుపునొప్పి వచ్చేది. అయినా ఊరుకునేదాన్ని కాదు. ఎండు కంప మంటలో కాయలు కాల్చుకుని, మూతంతా మసి చేసుకుని తిరిగేదాన్ని.

చేనులో నాగలి గీసిన గీత వెంట చెట్ల వరస ఉంటుంది. దాన్ని సాలు అంటాం. పీకేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుని, వంగి ముందుకు పోతారు. గట్టు పక్కన ఉండే మొదటి సాలు ఎప్పుడూ అవ్వది. మొదటి సాలులో ఉన్నామె పదం ఎత్తుకోవాలి, పక్క సాలులో ఉన్నామె దానికి జోడు చెప్పాలి. చెప్పలేకపోతే అందరూ తలా ఒక మట్టిగడ్డ ఆమె కొంగులో వేసేవాళ్ళు. అవ్వ పక్క సాలు మా అమ్మది. ఒకరోజు అవ్వ ఇట్లా ఎత్తుకుంది.

"పావగడ సంతకు పోయినాడు మొగుడు."

అమ్మ తడుముకోకుండా అందుకుంది.

"ఏం తెచ్చినాడంటే, ఎదురింటి గొడుగు!"

వాన మొహం చూడని మా సీమలో గొడుగు ఎందుకో, అదీ ఎదురింటివాళ్ళది ఎందుకో ఎవరూ అడగలేదు. నవ్వలేక ఆడవాళ్ళు నడుములు పట్టుకుని సాళ్ళలోనే కూలబడ్డారు.

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి ఏడు సంగతి. పంట చేతికొచ్చే సమయానికి వాన మొహం చాటేసింది. నేల బిగుసుకుపోయింది. లాగితే చెట్టు వచ్చేది కానీ కాయలు మట్టిలోనే ఉండిపోయేవి. అవ్వ నడుము కూడా ఆ ఏడే బాగా వంగింది. నాలుగు చెట్లు పీకితే ఒకసారి నిలబడి ఊపిరి పీల్చుకునేది. అందరికంటే ముందు ఉండాల్సిన మనిషి వెనకబడిపోయింది. పదం వెనక నుంచి వినపడేసరికి దాన్ని వినడానికి మిగతావాళ్ళూ చేతులు ఆపేవాళ్ళు. నాన్నకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఇంకా ఆరితే కాయ నేలపాలు అవుతుందని ఆయన భయం.

"అమ్మా, ఇంటికాడుండి కాయలు ఒలుసుకోరాదా?" అన్నాడు ఒకరోజు, మెల్లగానే.

"ఇంటికాడుంటే నేను ముసల్దాన్నిరా. ఈడుంటే మొదటి సాలుదాన్ని" అంది అవ్వ. ఆ ఒక్కటీ ఆమె పదంలో పెట్టకుండా, నవ్వకుండా చెప్పింది.

ఆ మధ్యాహ్నమే జరిగింది. సగం సాలు పీకిన అవ్వ ఉన్నట్టుండి కింద కూర్చుండిపోయింది. మొహమంతా చెమటలు. నాన్న పరుగున వచ్చి తల మీద నీళ్ళు చల్లాడు. అమ్మ కొంగుతో విసిరింది. అవ్వ కళ్ళు సగం మూసే ఉన్నాయి. చెయ్యి కొంచెం పైకెత్తి, "సాలు... సాలు..." అంది.

పుస్తకాల్లో చాలు అని రాసేదాన్ని మా నోళ్ళు సాలు అనే పలుకుతాయి. నాన్నకు ఆ మాట విని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరేమ్మా, సరే. ఇంక సాలు. నువ్వు చేసింది సాలు."

ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. తోడుగా నన్ను ఎక్కించాడు. పక్కింటాయనతో చెప్పుకుంటున్నాడు. "ఇన్నాళ్ళకు మాయమ్మ నోరు తెరిచి సాలనింది సూడన్నా. ఎంత కష్టమైంటే ఆ మాట అనింటాది." ఆయన మొహంలో బాధ ఉంది, గుండెల మీద బరువు దిగినట్టు కూడా ఉంది. అవ్వ బండిలో పడుకుని చేను వైపే చూస్తూ వచ్చింది.

మర్నాడు అవ్వ తెల్లవారకముందే లేచింది. తలకు గుడ్డ చుట్టుకుని ఆకూ వక్కా నములుతోంది. నాన్న అది గమనించలేదు. ఆమె ఇంకా పడుకునే ఉందనుకుని, "అమ్మను ఎవరూ లేపొద్దండి" అని వాకిట్లో చెప్పి బండి తోలుకుపోయాడు. బండి గలగల దూరమయ్యేదాకా అవ్వ కదల్లేదు. తర్వాత తలగుడ్డ విప్పి, మడిచి, పెట్టె మీద పెట్టి, మూలన కూర్చుంది.

తనను పక్కన పెట్టేశారని అవ్వ అనుకుంది. తనే వద్దనుకుందని నాన్న అనుకున్నాడు. అడగడానికి ఆమెకు అభిమానం అడ్డం వచ్చింది, అడగడానికి ఆయనకు మనసు రాలేదు. నేను రోజంతా ఆమె పక్కనే ఉన్నాను. "ఒక పదం చెప్పవ్వా" అంటే తల నిమిరేది, అంతే. ఇల్లంతా బోసిపోయింది. రుబ్బురోలు చప్పుడు కూడా ఎవరి ఇంట్లో నుంచో వచ్చినట్టు ఉండేది.

అందరికంటే ఎక్కువ అల్లాడింది అమ్మ. ఒక సాయంత్రం చేను నుంచి వచ్చి, ఆ నడుంనొప్పితోనే సంగటి కెలికి అవ్వకు పెట్టింది. అవ్వ తింది.

"సంగటి బాగుండాదమ్మా" అంది.

అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఏందత్తా?"

"బాగుండాది. మెత్తగుండాది."

అమ్మ పెరట్లోకి పోయి ఏడ్చింది. నేను వెనకాలే పోతే కళ్ళు తుడుచుకుంటూ, "దాని బదులు ఆ ముద్ద తీసి గోడకు కొట్టింటే బాగుండు" అంది. నాకూ ఏడుపొచ్చింది. అవ్వ చచ్చిపోతుందేమోనని నాకు మొట్టమొదటగా భయం వేసింది అప్పుడే.

పీకడం అయిపోయింది. చేను ఒకసారి చూసి వద్దామని పోయిన నాన్న రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు. అమ్మ చేటలో కాయలు చెరుగుతోంది.

"ఏమే, అందరూ కండ్లు యాడ పెట్టుకోని పని చేసినారు? చేనంతా పీకి గట్టు పక్క సగం సాలు అట్లే వదిలేసినారు!"

"ఎవరూ మరిచిపోలే. నేనే ముట్టొద్దన్న్యా" అంది అమ్మ, చేట ఆపకుండా.

"ఏమిటికి?"

"అది అత్త సాలు గదా. ఆయమ్మే గదా అడిగింది."

"ఏం అడిగింది?"

"కింద పడినప్పుడు సాలు సాలు అన్లేదా?"

"అనింది. ఇంక నా చేత కాదు, సాలు, అనింది."

అమ్మ చేట కింద పెట్టేసింది.

"అయ్యో, ఆ సాలు కాదప్పా! ఈ సాలు! చెయ్యి చెట్ల దిక్కు చూపిస్తా అనింది, నువ్వు చూడలేదా? నా సాలు ఎవరికీ ఇయ్యొద్దండి అని గదా ఆయమ్మ చెప్పింది! ఒళ్ళు కుదుటపడితే నువ్వే తీసకవస్తావని నేను దినామూ చూస్తాండా."

అమ్మకు కోపం, నవ్వు రెండూ కలిసి వచ్చాయి. "మా దిక్కు కన్నడంలో చెట్ల వరసకు సాలంటారు, ఇంక వద్దనేదానికి సాకంటారు. మీ తెలుగులో రెండిటికీ ఒకే మాట పెట్టుకుంటే నేనేం చేసేది?"

నిజమే. మా బడిలో కన్నడ మేష్ట్రు కూడా వరసగా నిలబడమనడానికి, పద్యంలో ఒక పంక్తి చదవమనడానికి సాలు అనే మాటే వాడేవాడు. అమ్మ చెవి ఆ బళ్ళోదే. ఆమె ముందు విన్నది చెట్ల వరసనే. కొన్నాళ్ళుగా ఇంటిల్లిపాదినీ కుంగదీసింది ఆ రెండక్షరాలే.

అవ్వ మూలనుంచి అంతా వింటూనే ఉంది. గొంతు సవరించుకుంది.

"సగం సాలు అట్లే ఉండాదా మే?"

"అట్లే ఉండాది అత్తా. ఒక్క చెట్టు గూడా ముట్టలే."

"ఎండిపోయింటాదేమో."

"ఆకు వాడింది. కాయ గట్టిగానే ఉండాది."

అవ్వ అమ్మ వైపు తిరిగింది. "నీ సంగటీ గట్టిదే" అంది.

"ఆ పొద్దు మెత్తగుండాదంటివి?"

"అబద్ధం చెప్పినా."

అమ్మ నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వింది. నాన్న గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అవ్వ నన్ను పిలిచి పెట్టె మీది తలగుడ్డ తెమ్మంది.

మర్నాడు ఆ సగం సాలు కోసం బండి కట్టారు. పిలవకపోయినా ముయ్యాళ్ళంతా వచ్చారు, వాళ్ళ సాళ్ళు అయిపోయినా. అవ్వ వంగలేదు. గొంతుక్కూర్చుని, ఒక చెట్టు పీకి, ఇంకో చెట్టు దగ్గరకు మెల్లగా జరిగేది. నాన్న ముందు నడుస్తూ గడ్డపారతో నేలను వదులు చేశాడు. పక్క సాలు ఖాళీగా ఉన్నా అమ్మ అందులోనే నడిచింది, జోడు చెప్పడానికి. అవ్వ మొదటి గుత్తి దులిపి, కొడుకు వైపు చూసి ఎత్తుకుంది.

"సాలడిగితే సాలనిరి.
సాలకముందే ఇంటికనిరి."

అది జోడుతో సహా తనే చెప్పేసిందని, అందరూ కలిసి ఆమె కొంగులోనే మట్టిగడ్డలు వేశారు. వాటిని నాన్న మీదికి విసిరి ఇంకోటి కట్టింది.

"నడుమే వంగె, నాలిక వంగలే.
నా సాలింకా నాకే సాలలే."

ఆ ఒక్కసారి అమ్మ దగ్గర జోడు లేకపోయింది. చేత్తో కళ్ళు రుద్దుకుంటూ నిలబడింది.

ఎండ వాలేసరికి అవ్వ ఆఖరి చెట్టు దగ్గరకు వచ్చింది. దాన్ని పీకి, మట్టి రాలేదాకా దులిపి, ఒళ్ళో పెట్టుకుంది. నాన్న దగ్గరకు వచ్చాడు కానీ ఏమని అడగాలో ఆయనకు తెలియలేదు. సాలు అనే మాటంటేనే ఆయనకు భయం పట్టుకుంది. అవ్వ ఆయన అవస్థ చూసింది. అమ్మ వైపు తిరిగి, "సాకు" అంది.

అవ్వ నోటి నుంచి ఆ కన్నడ మాట రావడం అదే మొదలు. ఎవరూ తప్పుగా వినకూడదని కోడలి మాటను తెచ్చుకుంది. తర్వాతి ఏడు పీకుడు మొదలైనప్పుడు తనే తలగుడ్డ మడిచి అమ్మ చేతిలో పెట్టింది. మొదటి సాలు అమ్మది అయింది. అవ్వ వేపచెట్టు కింద కూర్చుని, జోడు కుదరని వాళ్ళను పేరు పెట్టి తిట్టేది.

అవ్వ పోయింది, నాన్న పోయాడు, ఆ తర్వాత అమ్మా పోయింది. చేను మాత్రం పోలేదు, సోలారు వాళ్ళకు గుత్తకు ఇచ్చాం. వానలు లేక ఏటికేడు అలసిపోయి, ఊరంతా ఇస్తుంటే మేమూ ఇచ్చాం. ఎవరినీ తప్పుపట్టడం లేదు. పండని చేనును నమ్ముకుని ఎన్నాళ్ళని గట్టు మీద కూర్చుంటాం? నాకూ ఒక వయసు వరకు పదాలు వచ్చేవి. ఇప్పుడు ఒక మాట అంటే దాని వెనకాల ఇంకో మాట రావడం లేదు. జోడు చెప్పే మనిషి పక్కన లేకపోతే రాదేమో.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కోడలు ఇంట్లోనే ఉంది. నాకు అన్నం పెట్టి ఇంకో గరిటె వేయబోయింది. "సాలు" అన్నాను. ఆమె వెంటనే గరిటె వెనక్కు తీసుకుంది. ప్లేట్ల వరసలను ఆమె లైన్లు అంటుంది. చెట్ల వరసలు ఆమె పట్టింది లేదు. అందుకని ఆమె తప్పుగా వినలేదు, నేనూ తప్పుగా అనలేదు. ఇంకేమైనా అడిగానేమో అనుకుని ఒక్క క్షణం ఆగి, నా చేతి వైపు చూస్తుందేమోనని ఎదురుచూశాను. అడగడానికి నాకు మాత్రం ఏ సాలు ఉంది?